పండుగ పూట, వారపు లెక్క

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో బీడీలు చుట్టెడి స్త్రీలు దినమంతయు చాట ఒడిలో నుంచుకొని కూర్చుండియే పనిచేయుదురు. చేతులకు విశ్రాంతి లేదు. శరీరమునకు కదలిక లేదు. సిరిసిల్ల సాంచాల వద్ద నిలుచుండి పనిచేయువారి లెక్క వేఱు. కూర్చుండి పనిచేయు స్త్రీకి సగటున దినమునకు 1660 కేలరీలు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కగట్టినది.

బరువు తగ్గగోరు ఒకామె అందులో 300 మానుకొని 1360తో సరిపెట్టుకొనుచున్నదనుకొందము. వారమునకు 9520. ఇంతలో సద్దుల బతుకమ్మ వచ్చును. మలీద ముద్దలు, సత్తుపిండి ఎదుట నుండగా కేలరీల మాట ఎత్తువారెవరు? ఎత్తకుండుటయే మర్యాద. ఆనాడు 1960 కేలరీలు తినినను, తక్కిన ఆరు దినములు నూరేసి తగ్గించినచో వారపు లెక్క చెడదు. నూరు కేలరీలనగా ముప్పది గ్రాములకు లోపు బియ్యమే.

అట్లుగాక, మరునాడు తూనికలో కిలో పెరిగినదని బెదరి రెండు దినములు పస్తుండువారు కలరు. రాత్రికి రాత్రి పెరిగిన ఆ బరువులో అధికభాగము ఉప్పు పట్టియుంచిన నీరు, అరుగని ఆహారము. కొలది దినములలో అదియే పోవును. మధుమేహమునకు మాత్రలో, ఇన్సులినో వాడువారు పస్తున్నచో రక్తములోని చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. అట్టివారు వైద్యు నడుగక ఒక్కపూటయు మానరాదు, వారపు లెక్క ఎట్లున్నను సరే.