గడ్డి లేని వాకిట్లో లాన్ గేమ్స్: వెయ్యి రూపాయల్లోపు

నరసరావుపేట నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈరోజు మాట్లాడుకునేది పండక్కో, పుట్టినరోజుకో ఇంట్లో ఇరవై మంది కలిసినప్పుడు వాకిట్లో ఆడుకునే ఆటల గురించి. ఏవి కొనాలి, ఏవి మనమే చేసుకోవచ్చు, ఎంతవుద్ది... అన్నీ చెప్తాను. ముందు నేను తగలేసిన డబ్బుల కథ చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

పోయిన సంక్రాంతికి గురజాల దగ్గర మా అమ్మమ్మవాళ్ళ ఊళ్ళో అందరం కలిశాం. చిన్నాపెద్దా మొత్తం ఇరవై రెండు మందిమి. నేను ముందే ఫోన్లో చూసి ఒక లాన్ గేమ్ సెట్టు ఆర్డర్ పెట్టాను. 2,499 రూపాయలు. చెక్క సుత్తులు, రంగు బంతులు, తీగ కమానులు. వీడియోలో అయితే పచ్చటి గడ్డి మీద బంతి మెత్తగా దొర్లుకుంటా పోయి కమానులో నుంచి దూరుద్ది. చూస్తుంటేనే భలే ఉంది.

మా వాకిట్లో గడ్డెక్కడిది? సగం నాపరాళ్ళు, సగం ఎండిపోయిన నల్లమట్టి. కమాను గుచ్చుదామంటే నేల దిగనివ్వదు. రాయితో కొడితే తీగ వంగిపోయింది. ఎట్టాగో నాలుగు నిలబెట్టి బంతి కొడితే, అది రాయి మీద ఎగిరి తిన్నగా పోయి గేదెల కుడితి తొట్టి కింద దూరింది. మా మామయ్య ఒకటే మాట అన్నాడు: "ఏందిరా ఇది, మూడు వేలు పెట్టి గేదెలకు బంతులు కొన్నావా?"

పది నిమిషాల్లో ఎవరి ఫోన్ వాళ్ళు తీశారు. అప్పుడు నేను చుట్టూ చూశాను. అమ్మ, పిన్ని, అత్తయ్య వంటింట్లో ఉన్నారు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారు. తాతయ్య అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనకు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి సరిగ్గా లేవదు. ఒకప్పుడు ఊళ్ళో బిళ్ళంగోడులో ఆయన కొట్టిన బిళ్ళ చెరువు గట్టు దాటేదని అందరూ చెప్తారు. ఆయన్ని ఆటకు పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. నేను తెచ్చిన ఆట బాగా కుదిరినా సరే, ఈ నలుగురూ ఆడేవాళ్ళు కాదు. డబ్బు పోయినదానికంటే నాకు అది ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే ఆట ఎంచుకునేటప్పుడు ధర చూడ్డానికి ముందు నేను ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. నేల ఎట్టాంటిది? ఎవరు ఆడకుండా మిగిలిపోతారు? ఒకళ్ళ వంతు మళ్ళీ రావడానికి ఎంతసేపు పడుద్ది?

మొదటిది, నేల. లాన్ గేమ్స్ అనేవి గడ్డి పెంచి, కత్తిరించే దేశాల్లో పుట్టినవి. మన పల్నాడులో రెంటచింతల ఎండ పేపర్లో వార్త. ఇక్కడ గడ్డి ఎట్లా నిలుస్తుంది? కాబట్టి నేల మీద బంతి దొర్లే ఆటలు మనకొద్దు. మట్టిలో గుచ్చాల్సినవి కూడా వద్దు. విసిరేవి, పేర్చేవి, గీసేవి అయితే మట్టి మీదైనా, నాపరాళ్ళ మీదైనా, డాబా మీదైనా నడుస్తాయి. డాబా మీద మాత్రం పరిగెత్తే ఆటలు పెట్టొద్దు, పిట్టగోడ ఎత్తుగా ఉన్నా సరే. ఇంకోటి, ఎండాకాలం అయితే సాయంత్రం ఐదున్నర దాటాకే మొదలుపెట్టండి. ఆ పాటికి గానీ నాపరాయి మీద కాలు పెట్టలేం.

రెండోది, ఎవరు మిగిలిపోతారు. మన ఫంక్షన్లలో కుర్చీలాట కామన్ గదా. మంచి ఆటే. కానీ గమనించారా, మొదట అవుటయ్యేది ఎవరు? మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ, లేకపోతే ఐదేళ్ళ పిల్ల. అందరికంటే ముందు అవుటైన మనిషి అందరికంటే ఎక్కువసేపు ఊరికే కూర్చోవాలి. అవుట్ చేసే ఆట ఒకటి పెడితే, అవుట్ లేకుండా పాయింట్లు లెక్కపెట్టే ఆటలు రెండు పెట్టండి.

మూడోది, వంతు. ఇరవై మందికి ఒకే ఆట ఉంటే, ఒక్కో మనిషికి ఒక నిమిషం పట్టినా మళ్ళీ వంతు రావడానికి ఇరవై నిమిషాలు. ఈలోపు ఫోన్ బయటికి రాకుండా ఉంటుందా? మన చెయ్యీ ఊరుకోదు గదా! ఒక పెద్ద ఆట కంటే పక్కపక్కనే మూడు చిన్న ఆటలు మేలు.

సరే, ఇక అసలు విషయం. మే నెలలో మా మామయ్య కూతురి పుట్టినరోజుకి అదే వాకిట్లో నేను పెట్టిన ఆటలు ఇవి. ఒక్కొక్కటీ ఎట్లా చేశానో చెప్తాను.

ఒకటి, సంచి ఆట. అమెరికాలో దీన్ని కార్న్‌హోల్ అంటారు. అక్కడ మనవాళ్ళ ఇళ్ళ వెనక కూడా బోర్డు కనపడుద్ది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు చెక్క. వెనక వైపు అడుగు ఎత్తు లేపి ఏటవాలుగా పెడతారు. పై భాగంలో ఆరంగుళాల గుండ్రటి కంత ఉంటుంది. దూరం నుంచి చిన్న సంచి విసరాలి. కంతలో పడితే 3 పాయింట్లు, చెక్క మీద ఆగితే 1. ముందు 21 కొట్టినవాళ్ళు గెలిచినట్టు. అసలు రూల్లో రెండు బోర్డుల మధ్య దూరం 27 అడుగులు. సంచి ఆరంగుళాల చదరం, బరువు సుమారు 450 గ్రాములు. కార్న్ అంటే మొక్కజొన్నే. ఆ గింజలే సంచిలో పోసేవాళ్ళు కాబట్టి ఆ పేరు.

మొక్కజొన్న మన దగ్గర లేదా ఏంది? కిలో ముప్పై లెక్కన మూడు కిలోల ఆరువందల గ్రాములు తెచ్చాను, ఎనిమిది సంచులకు సరిపోయింది. గుడ్డ పాత జీన్స్ ప్యాంట్లది. కుట్టినందుకు టైలర్ సంచికి పదిహేను తీసుకున్నాడు. బోర్డులకి ఇల్లు కట్టిన చోట మిగిలిన సెంట్రింగ్ ప్లైవుడ్ దొరికింది. వడ్రంగి కోసి, కంత చేసి, కాళ్ళు కొట్టి మొత్తం నాలుగొందలు అన్నాడు. అంచులు గరుకు కాగితంతో రుద్దించడం మర్చిపోవద్దు, లేకపోతే పిల్లల చేతుల్లో పేళ్ళు దిగుతాయి. ఆట అయ్యాక సంచులు డబ్బాలో వేసి మూత పెట్టండి. నేను ఒక్క రాత్రి బయట వదిలేస్తే ఎలుకలు రెండు సంచులు కొరికేశాయి.

రెండు, రింగులాట. తిరునాళ్ళలో సబ్బుబిళ్ళ మీదకి రింగు వేయిస్తారే, అదే. కోటప్పకొండ వెళ్ళిన ప్రతివాళ్ళూ ఒకసారన్నా డబ్బులు పోగొట్టుకునే ఉంటారు. దీనికి రింగులు కొనక్కర్లేదు. మిరప తోటలో వేసే డ్రిప్పు పైపు ఉంటుంది గదా, సన్నది, 16 ఎంఎం. పాతది రెండడుగుల ముక్క కోసి, రెండు కొనలూ ఒక జాయినర్‌తో కలిపితే రింగు రెడీ. జాయినర్ ఐదు రూపాయలు. ఆరు రింగులు చేశాను. ఖాళీ నీళ్ళ సీసాల్లో మూడో వంతు ఇసుక పోసి నిలబెడితే గాలికి పడవు. రింగు తేలిక, కూర్చునే వెయ్యొచ్చు. మా అమ్మమ్మ నులక మంచం మీద నుంచి దిగకుండా ఆడింది.

మూడు, ఏడుపెంకులాట. ఇది మీకు నేర్పక్కర్లేదు. బంతితో పెంకులు పడగొట్టాలి, అవతలి జట్టు బంతితో కొట్టే లోపు మళ్ళీ పేర్చాలి. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి ముక్కలకు కరువా? పలచగా, చదునుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి చక్కగా నిలబడతాయి. అంచులు మాత్రం కత్తిలా ఉంటాయి, గచ్చు మీద నీళ్ళు పోసి అరగదీయండి. కార్క్ బంతి అస్సలొద్దు, టెన్నిస్ బంతి చాలు. తల మీద కొడితే పాయింటు పోద్దని ముందే చెప్పండి. గీతలకు ముగ్గుపిండి వాడండి. పక్కనే పిడుగురాళ్ళ ఉంది గదా, సున్నం చవకే అని పొడి సున్నం చల్లొద్దు. కళ్ళలో పడితే కాల్చేస్తుంది.

నాలుగు, పెద్ద అష్టాచెమ్మా. మన ఊళ్ళల్లో ఫ్లెక్సీలకు కొదవ లేదు. పుట్టినరోజు ఫ్లెక్సీ అయిపోయాక అటకెక్కుద్ది. దాన్ని తిరగేసి, మార్కర్‌తో ఐదు బై ఐదు గళ్ళు గీయండి, ఒక్కో గడి అడుగు వెడల్పు. పావుల బదులు పిల్లల్నే గళ్ళలో నిలబెట్టండి. నాలుగు చింతపిక్కలు ఒకవైపు అరగదీస్తే పందేలు రెడీ. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, 4. నాలుగూ నల్లగా పడితే అష్టా, 8. పిక్కలు వేసేది పెద్దవాళ్ళు, గళ్ళలో నడిచేది పిల్లలు. మా అత్తయ్య తన పావుని, అంటే నాలుగేళ్ళ మనవణ్ణి, అవతలివాళ్ళు చంపేశారని అరగంట గొడవ పెట్టుకుంది!

మరి బిళ్ళంగోడు ఎందుకు పెట్టలేదంటారా? ఇరవై మంది ఉన్న వాకిట్లో చెక్కబిళ్ళ గాల్లోకి లేస్తే ఎవరి కంట్లో పడుద్దో తెలియదు. అది పొలంలో, ఖాళీ జాగాలో ఆడాల్సిందే. తాడు లాగే ఆట కూడా నాపరాళ్ళ మీద వద్దు, జారతారు. మట్టిలో ఆడినా తాడు చేతికి చుట్టుకోవద్దు.

ఇప్పుడు లెక్క. బోర్డులు 400, సంచులు కుట్టడానికి 120, మొక్కజొన్న 110, జాయినర్లు 30, టెన్నిస్ బంతులు రెండు 120, ముగ్గుపిండి 20, మార్కర్ 40. మొత్తం 840 రూపాయలు. మీకు అంత కూడా వద్దనుకుంటే బోర్డు మానేయండి. గోడకి అట్టపెట్టె ఆనించి దాంట్లో కంత కొయ్యండి. ఒక్క సాయంత్రానికి ఆగుద్ది.

వస్తువులు రెడీ అయ్యాయి, కానీ వంటింటి సంగతి? దానికి ఒక రూల్ పెట్టాం. డబ్బు పందెం లేదు. పందెం అంటే ఏమవుద్దో పల్నాడు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాయకురాలు నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం ఓడినవాళ్ళు రాజ్యం వదిలి అడవులకి పోవాల్సి వచ్చింది, చివరికి కారంపూడి యుద్ధం దాకా పోయింది. కాబట్టి మా పందెం ఒకటే: ఓడిన జట్టు వడ్డించాలి, గిన్నెలు కడగాలి. వంట కూడా పొద్దున్నే పులిహోర, పెరుగన్నంతో ముగించేశాం. సాయంత్రానికి స్టవ్ మీద టీ తప్ప ఏమీ లేదు. మా బాబాయి మొదటి ఆటే ఓడిపోయి నడుముకి టవల్ చుట్టుకున్నాడు. మా పిన్ని ఏడుపెంకులాటలో బంతి విసిరితే ఏడూ ఒకే దెబ్బకి పడ్డాయి. ఇన్నేళ్ళలో ఆమె పరిగెత్తడం నేను చూడ్డం అదే మొదటిసారి. టెన్త్ దాకా స్కూల్ ఖోఖో టీమ్‌లో ఉందంట. ఆ సంగతి నాకు ఆరోజే తెలిసింది.

ఇక తాతయ్య. సంచి ఆటకి నేను మూడు గీతలు గీశాను: 8 అడుగులు, 15 అడుగులు, 27 అడుగులు. తాతయ్య కుర్చీ తీసుకెళ్ళి ఎనిమిది అడుగుల గీత దగ్గర వేశాను. మంచి చేశాననుకున్నా. ఆయన నా మొహం చూసి, "నన్ను చిన్నపిల్లలతో కూర్చోబెట్టావేందిరా? వెనక్కి జరుపు" అన్నాడు. పదిహేను దగ్గరికి జరిపాను. ఎడమ చేత్తో విసిరాడు. మొదటి సంచి బోర్డు దాకా కూడా పోలేదు. రెండోది పక్కకి పోయింది. మూడోది బోర్డు అంచుకి తగిలి కింద పడింది. అందరం సైలెంట్. నాకైతే గీత మార్చనివ్వకుండా ఉండాల్సింది అనిపించింది. ఆయన మాత్రం చెయ్యి చాపి, "ఇంకోటియ్యి" అన్నాడు. నాలుగోది చెక్క మీద పడి జారుకుంటా పోయి కంత పక్కన ఆగింది. ఒక్క పాయింటు. ఆ ఆట ఆయన జట్టు ఓడిపోయింది. అయినా చీకటి పడేదాకా ఆ కుర్చీ కదలనివ్వలేదు.

అందుకని, దగ్గర గీత, దూరం గీత రెండూ గీయండి. కానీ ఎవరు ఏ గీత దగ్గర నిలబడాలో మీరు చెప్పొద్దు, వాళ్ళనే ఎంచుకోనివ్వండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

సంచులు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాయి. తాతయ్య రోజూ సాయంత్రం పక్కింటి పిల్లలతో ఆడుతున్నాడని అమ్మమ్మ ఫోన్లో చెప్పింది. దసరాకి వెళ్ళినప్పుడు ఇరవై ఏడు అడుగుల గీత దగ్గర నాతో పోటీ అంట. నేను ఇక్కడ డాబా మీద ప్రాక్టీస్ మొదలుపెట్టాను, ఎందుకంటే ఓడితే గిన్నెలు నేనే కడగాలి.

ఈ వారం ఇంతే. పాత జీన్స్ ప్యాంటు ఉంటే పారేయకండి, ముందు ఒక సంచి కుట్టి చూడండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.