అన్నము పెట్టు వృత్తులకు తగిన పేరు



జనాభా లెక్కల కాగితములో ‘వృత్తి’ అను గడి యొకటి యున్నది. ఒకమారు మన యూరి వితంతువు పేరున కెదుట ఆ గడిలో ‘ఏమియు లేదు’ అని వ్రాసితిని. ఆమె పెండ్లిండ్లకు వండి, అప్పడములు వత్తి అమ్మి, ఇద్దరు బిడ్డలను పెంచినది. ఆ వంట నేనును తిన్నవాడనే. అయినను ‘వంటలక్క’ యని వ్రాయుటకు చులకనగా తోచెను. ‘పాచకురాలు’ అన్నచో ఆమెకే తెలియదు. మాట దొరకక మనిషి శ్రమనే కొట్టివేసితిని.

పిమ్మట ఈ గ్రంథాలయముననే ఎస్పెరాంతో భాషను గూర్చిన చిన్న పుస్తకము నా కంటబడినది. జామెన్‌హోఫ్ అను కంటివైద్యుడు 1887లో వార్సా నగరమున ఆ భాషను ప్రకటించెను. తాను పుట్టిన బియాలిస్టాక్ పట్టణమున రష్యనులు, పోలులు, జర్మనులు, యూదులు ఒకరి మాట నొకరెరుగక ద్వేషించుకొనుట చూచి, అందరికిని రెండవ భాషగా దానిని కూర్చెను.

అందు ‘కుఇరి’ యనగా వండుట. ‘ఇస్తో’ చేర్చిన ‘కుఇరిస్తో’ వంటయే జీవనముగా గలవాడు. ‘ఆంతో’ చేర్చిన ‘కుఇరాంతో’ ఇప్పుడు వండుచున్నవాడు. ‘ఏయో’ చేర్చిన ‘కుఇరేయో’ వంటయిల్లు. విరాటుని కొలువున వలలుడైన భీముడు కుఇరిస్తో. పండుగనాడు సరదాకు గరిటె పట్టిన మనము కుఇరాంతో మాత్రమే. స్త్రీ యని తెలుపవలెనన్న ‘కుఇరిస్తీనో’.

అయినను ప్రత్యయము తగిలించినంతనే సరియైన మాట పుట్టదు. ‘లక్తో’ పాలు. ‘లక్తిస్తో’ అన్నచో పితుకువాడా, అమ్మువాడా? ‘పానో’ రొట్టె. ‘పనిస్తో’ అన్నచో కాల్చువాడా, అంగడిలో అమ్మువాడా? సందేహము తీరవలెనన్న ఆ చేతులు చేయు పనిని చూడవలయును. పితుకువాడు ‘మెల్కిస్తో’, పాలమ్మువాడు ‘లక్తోవెందిస్తో’, రొట్టె కాల్చువాడు ‘బకిస్తో’, పిండిమర ఆడించువాడు ‘ముఎలిస్తో’. పనిని చక్కగా చూచినవానికే పేరు చక్కగా దొరకును.

నా మనస్సును పట్టినది మరియొకటి. బడిపంతులు ‘ఇన్‌స్త్రుఇస్తో’, వైద్యుడు ‘కురత్సిస్తో’, వంటవాడు ‘కుఇరిస్తో’. మువ్వురకు నొకటే ప్రత్యయము. మన వాడుకలోనో, పంతులునకు ‘గారు’, వంటకు ‘వాడు’. కొన్ని వృత్తుల పేళ్లలో పనికంటె ముందు కులమే వినబడును. ఇది భాష దోషము కాదు, పలుకు మన దోషము.

పదియేండ్లకు మరల లెక్కలు వచ్చినవి. ఈమారు ఆ గడిలో ‘వంట, అప్పడముల తయారీ, స్వంత జీవనము’ అని వ్రాసి ఆమెకు చదివి వినిపించితిని. “ఇదికూడ వృత్తియేనా, కరణంగారూ?” అని ఆమె యడిగినది. “మొదటనే వ్రాయవలసినది తల్లీ, నాదే తప్పు” అంటిని.

‘ఎస్పెరాంతో’ యనగా ఆశించువాడని యర్థము; జామెన్‌హోఫ్ తన మొదటి పుస్తకమునకు పెట్టుకొన్న మారుపేరది. నేనును ఒక చిన్న ఆశ విన్నవించుకొందును. ఈ సభ ముగిసిన పిదప మనకందరకు భోజనములున్నవి. చేయి కడుగుకొని పోవుటకు ముందు, వండినవారి కడకు పోయి వారి పేరడుగుడు.