వారానికో గంట

మా పల్నాడులో, ముప్పాళ్ళలాంటి ఊళ్లో, పదమూడేళ్ల ఆడపిల్లకు ఒంట్లో వచ్చే మార్పుల గురించి ఎవరు చెబుతారు? చాలా ఇళ్లలో అమ్మ కూడా నోరు విప్పదు. ఆ లోటు తీర్చడానికే 2020లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మేడమ్, ఒక మాస్టారు, శిక్షణ పొంది వారానికో గంట ఈ పాఠాలు చెప్పాలి. మొత్తం 11 అంశాలు: ఎదుగుదల, పోషణ, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాట్లు, ఇంటర్నెట్ వాడకంలో జాగ్రత్తలు వగైరా. నెలసరి గురించి మగపిల్లలకూ చెప్పి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. తెలియకే చాలామంది ఎగతాళి చేస్తారు. పిల్లల మనసు బాగోకపోతే 14416 హెల్ప్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అమ్మలూ, నాన్నలూ, ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు ఈ గంట గురించీ అడగండి.