డివిడి నకలు తీసేటప్పుడు సెకనుకు ఎన్ని బొమ్మలు?

(మన సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించారు. విషయం వినగానే వెనుక వరుసలో ఒకరిద్దరు నవ్వుకోవడం చూశాను. డి.ఏ. గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడేవారు నా తరువాత ఉన్నారు. నేను మాట్లాడబోయేది మన బీరువాల్లో మూలుగుతున్న డివిడిల గురించి.

మనందరి ఇళ్లలోనూ అవి ఉన్నాయి. పిల్లల పెళ్ళిళ్ళవి, షష్టిపూర్తులవి, గృహప్రవేశాలవి, అమెరికా నుంచి వచ్చిన మనుమల పుట్టినరోజులవి, వాటితోపాటు ముచ్చటపడి కొనుక్కున్న పాత సినిమాలవి. ప్లేయర్లేమో చాలా ఇళ్లలో మూలపడ్డాయి. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే అర కూడా ఉండటం లేదు. ఇంట్లో రాసుకున్న డిస్కు మీద ఉండే రంగు పూత వేడికి, వెలుతురుకు నెమ్మదిగా చెడిపోతుంది. అందుచేత ఇప్పుడు చాలామంది వాటిని పెన్‌డ్రైవులోకి మార్పించుకుంటున్నారు. మంచిదే. అయితే మార్చేటప్పుడు ఫ్రేమ్ రేటు అని ఒక గడి కనిపిస్తుంది. దాన్ని నొక్కితే 15, 23.976, 24, 25, 29.97, 30, 50, 60 అంటూ పే స్కేలు మాదిరి అంకెలు దిగుతాయి. స్కేలు కదా, పై అంకె వేసుకుంటే లాభమని అనుకుంటాం. అక్కడే వస్తుంది చిక్కు.

మన సభ్యులొకరు, పేరు చెప్పను, ఈ హాల్లోనే ఉన్నారు, ఆయన అనుమతితోనే చెబుతున్నాను. ఆయన పెద్దమ్మాయి పెళ్ళి డివిడిని ఒక దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవు చేయించుకున్నారు. అందులో ఆయన శ్రీమతిగారు మంగళహారతి పాడుతూ పళ్ళెం తిప్పే ఘట్టం ఉంది. ఆవిడ కాలం చేసి ఆరేళ్లయింది. కదులుతూ, పాడుతూ ఆవిడ ఉన్న వీడియో ఆ ఇంట్లో అదొక్కటే. పెన్‌డ్రైవు టీవీకి పెట్టి చూస్తే చేయి సాఫీగా తిరగడం లేదు, గడియారం ముల్లులాగా ఆగి ఆగి తిరుగుతోంది. హారతి వెలుగు చుట్టూ దువ్వెన పళ్ళలాంటి గీతలు. ఆయన నాతో అన్న మాట ఇది: "ఏమండీ, ఆవిడ చేయి వణికేది కాదండీ." దుకాణంలో అడిగితే ఆ కుర్రవాడు, "25 ఉందండీ, 30 చేసి ఇచ్చాను, ఎక్కువ క్లియర్‌గా ఉంటుందని" అన్నాడట. అతడి ఉద్దేశంలో తప్పు లేదు. 25 బొమ్మలున్నచోట 30 కావాలంటే మిగతా ఐదూ ఎక్కడి నుంచి వస్తాయి? ప్రతి సెకనులో ఐదు బొమ్మలను రెండేసిసార్లు చూపించాలి. ఆ చేయి ఆగినట్టు కనిపించింది అందుకే.

అదృష్టవశాత్తు ఆయన డిస్కు పారేయలేదు. దాన్ని మళ్ళీ ఎలా మార్చామో చెప్పాలంటే ముందు ఈ అంకెల పుట్టుక చెప్పాలి.

సినిమా అంటే కదలని బొమ్మల కట్ట. మూకీల కాలంలో కెమెరా పిడి చేత్తో తిప్పేవారు కాబట్టి వేగం ఒక్కొక్కరి చేతిని బట్టి ఉండేది. మాటలు వచ్చాక అలా కుదరదు, వేగం మారితే గొంతు మారిపోతుంది. 1920ల చివర టాకీలతోపాటు సెకనుకు 24 బొమ్మలని స్థిరపడింది. మన తెలుగు టాకీ 1932లో భక్త ప్రహ్లాదతో మొదలైంది. అప్పటి నుంచి మనం హాళ్ళలో చూసిన పౌరాణికమైనా, సాంఘికమైనా రీలు మీద 24 లెక్కే.

టీవీ లెక్క వేరు. అది ఆయా దేశాల కరెంటును బట్టి ఏర్పడింది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, అమెరికాలో 60. ఇంగ్లండు, జర్మనీ మొదలైన చోట్ల, తరువాత మన దేశంలోను, సెకనుకు 25 ఫ్రేములు వచ్చాయి. 1982లో మనకు రంగుల టీవీ వచ్చినప్పుడు తీసుకున్న పద్ధతి ఇదే, దాని పేరు పాల్. అమెరికావారిది ఎన్.టి.ఎస్.సి., అక్కడ 30 ఫ్రేములు. 1953లో వారు రంగుల ప్రసారానికి ప్రమాణం ఖరారు చేసినప్పుడు రంగు సంకేతానికీ ధ్వని సంకేతానికీ పొత్తు కుదరక 30ని వెయ్యింట ఒక వంతు తగ్గించి 29.97 చేశారు. ఆ పాయింటు తొమ్మిది ఏడు ఏమిటా అని విసుక్కోకండి. ట్రెజరీ బిల్లులో పైసలు వదిలేసి చూసినవారికి దాని మహిమ తెలుసు. 29.97 ఫైలుకు 30 అని చీటీ అంటించి ధ్వనిని అలాగే ఉంచితే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. మూడు గంటల సినిమా చివరికి వచ్చేసరికి పదకొండు సెకన్లు. నాయకుడు నోరు తెరిచేది ఒకచోట, మాట వినిపించేది మరొకచోట.

ఇప్పుడు ఇరకాటం ఏమిటంటే, 24 బొమ్మల సినిమాను 25 బొమ్మల పాల్ డిస్కులో ఎలా పెట్టాలి? సులువైన పని చేశారు. సినిమానే కాస్త తొందరగా నడిపించారు. 180 నిమిషాల సినిమా 172 నిమిషాల 48 సెకన్లలో అయిపోతుంది. "డివిడిలో ఏడు నిమిషాలు కోసేశారండీ" అని మనలో కొందరు ఫిర్యాదు చేస్తుంటారు. చాలాసార్లు ఎవరూ ఏమీ కోసి ఉండరు. బొమ్మ వేగం పెరిగితే మన కంటికి పెద్దగా తెలియదు, చెవికి తెలుస్తుంది. శ్రుతి సర్దకుండా వదిలేస్తే పాట హార్మోనియం మీద ఒక మెట్టులో పదింట ఏడు వంతులు పైకి జరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరకు చేరువవుతుంది. సంగీతం తెలిసినవారికి, ఘంటసాలగారి పాట రేడియోలో విని పెరిగినవారికి, ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించడానికి ఇది ఒక కారణం. అలాంటి డిస్కుకు నకలు తీసేటప్పుడు 25నే ఉంచాలి. అసలు శ్రుతి కావాలనుకుంటే బొమ్మను, ధ్వనిని రెండింటినీ కలిపి 24కు నెమ్మది చేయాలి. బొమ్మ ఒక్కదాన్నే నెమ్మది చేస్తే నిమిషానికి రెండున్నర సెకన్లు ఎడం వస్తుంది. నన్నడిగితే మొదటి నకలు మాత్రం డిస్కులో ఉన్నట్టే ఉంచండి, సవరణలన్నీ రెండో నకలులో చేసుకోండి.

అమెరికా పద్ధతి డిస్కు సంగతి ఇంకా గమ్మత్తు. మన తెలుగు సినిమాల డిస్కుల మీద కూడా ఎన్.టి.ఎస్.సి. అని ఉండటం మీరు చూసే ఉంటారు, మీ దగ్గరున్న అట్టలు తిరగేయండి. 24ను 30కి లాగాలంటే వేగం పెంచి లాభం లేదు, గొంతులు కీచుమంటాయి. అందుకని అక్కడ ఒక ఎత్తు వేశారు. టీవీ ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలు చేసి ఒకదాని తరువాత ఒకటి చూపేవారు. ఒక్కో సగాన్ని ఫీల్డు అంటారు. సినిమాలోని ఒక బొమ్మను రెండు ఫీల్డులకు, తరువాతి బొమ్మను మూడు ఫీల్డులకు పంచారు. ఇలా నాలుగు సినిమా బొమ్మలు పది ఫీల్డులవుతాయి, అంటే ఐదు టీవీ ఫ్రేములు. ఆ ఐదింటిలో మూడు శుభ్రంగా ఉంటాయి, మిగతా రెంటిలో రెండేసి బొమ్మలు కలగలిసిపోయి ఉంటాయి. కాబట్టి అలాంటి డిస్కు తనకు 29.97 అని చెప్పుకున్నా లోపలి సరుకు 23.976. నకలు తీసేటప్పుడు ఆ పంపకాన్ని వెనక్కి తిప్పి 23.976గా రాసుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో దానికి డీటెలిసిన్ అని ఒక ఫిల్టరు ఉంది. కొన్ని డిస్కుల్లో ఈ శ్రమ కూడా లేదు. బొమ్మలు 23.976 చొప్పునే ఉండి, ఏ ఫీల్డును రెండోసారి చూపాలో ప్లేయరుకు చెప్పే గుర్తులు మాత్రం పెట్టి ఉంటాయి.

అయితే 29.97 కనిపించిన ప్రతిచోటా ఈ మందు వేయకూడదు. మీ అబ్బాయి న్యూజెర్సీలో క్యామ్‌కార్డరుతో తీసి పంపిన పుట్టినరోజు డిస్కు కూడా 29.97 అనే చూపిస్తుంది. అందులో సినిమా రీలు ఎక్కడుంది? ఆ కెమెరాల్లో ఎక్కువ భాగం సెకనుకు దాదాపు 60 ఫీల్డులు తీసేవి, ప్రతి ఫీల్డూ ఒక కొత్త క్షణం. దానికి సినిమా మందు వేస్తే పసివాడి పరుగులో ఐదింట ఒక ఫ్రేము మాయమవుతుంది. మన ఊళ్ళ పెళ్ళి వీడియోలదీ ఇదే జాతి. అవి పాల్ కెమెరాలతో తీసినవి కనుక 50 ఫీల్డులు, 50 క్షణాలు. వాటిని 25 ఫ్రేములుగా చేసుకోవచ్చు, ఫైలు చిన్నది. కానీ కదలిక అప్పటి టీవీలో చూసినంత సాఫీగా ఉండాలంటే ఒక్కో ఫీల్డును ఒక్కో ఫ్రేముగా విడదీసి 50 చేసుకోవాలి. ఆ ఏర్పాటును బాబ్ అంటారు. అమెరికా క్యామ్‌కార్డరు డిస్కుకైతే ఆ అంకె 59.94.

చూశారా, ఇక్కడ 25ను 50 చేయమంటున్నాను, అక్కడ 30 చేసినందుకు ఆ కుర్రవాణ్ణి తప్పుపడుతున్నాను. తేడా ఉంది. 50 క్షణాలు డిస్కులో నిజంగా ఉన్నాయి, 30 లేవు. మన సర్వీసులో ట్రూ కాపీ మీద సంతకం పెట్టేముందు అసలుతో అక్షరం అక్షరం సరిచూసేవాళ్లం. అసలులో లేని ఎంట్రీ నకలులో రాకూడదు, ఉన్నది పోకూడదు. ఈ మధ్య వచ్చిన టీవీలు కొన్ని, మనం అడగకుండానే, రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను ఊహించి చేర్చేస్తున్నాయి. పాత సినిమా పెడితే సీరియల్ లాగా జారుడుగా కనిపించడానికి కారణం ఇదే. సెట్టింగుల్లో మోషన్ అని ఉన్నదాన్ని ఆపేయండి. ఇంట్లో పిల్లలు వద్దన్నా సరే.

మరి మన డిస్కు ఏ జాతిదో తెలిసేదెలా? వి.ఎల్.సి. ప్లేయరులో పెట్టి కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కితే ఫ్రేమ్ రేటు చూపిస్తుంది. అది డిస్కు తన గురించి తాను ఇచ్చుకున్న డిక్లరేషను మాత్రమే, విచారణ మనమే చేయాలి. డీఇంటర్లేస్ అన్నది ఆపేసి, ఎవరైనా అడ్డంగా నడిచే ఘట్టం పెట్టి, ఇంగ్లీషు 'ఇ' మీటను ఒక్కొక్కసారి నొక్కుతూ పోతే ఫ్రేము తరువాత ఫ్రేము వస్తుంది. కదిలేదంతా ప్రతి ఫ్రేములోనూ దువ్వెన పళ్ళలా ఉంటే అది కెమెరా వీడియో. మూడు శుభ్రంగా, రెండు గీతలతో వస్తూ ఉంటే సినిమాను పంచి పెట్టిన డిస్కు. ఎక్కడా గీతలు లేకపోతే ఫ్రేమ్ రేటు గడిలో సేమ్ యాజ్ సోర్స్ అని పెట్టి వదిలేయడమే. పది నిమిషాల పని. కళ్ళకు శుక్లాలు తీయించుకున్నవారైతే మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి.

హారతి వీడియోకు మేము చేసింది ఇంతే. ఆ డిస్కు పాల్, ప్రతి ఫ్రేములోనూ గీతలున్నాయి. ముందు రెండు నిమిషాల ముక్క మాత్రం 25లో ఒకసారి, 50లో ఒకసారి తీసి రెండూ ఆయనకు చూపించాను. ఆయన 50 పెట్టమన్నారు. మొత్తం అయ్యాక నిడివి సరిచూశాం, డిస్కులో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలో నకలులోనూ అంతే. చివరి ఐదు నిమిషాల్లో అప్పగింతల దగ్గర పెదవులు, మాటలు కలిశాయో లేదో చూశాం. మొదట్లో అందరికీ కలుస్తాయి, చివర చూడాలి. ఆయన హారతి దగ్గరకు వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకున్నారు. నేను కాఫీ పేరు చెప్పి లోపలికి వెళ్ళాను.

ఇంకొక సభ్యుడికి ఆ భాగ్యం లేకపోయింది. ఫోనులో చోటు కలిసివస్తుందని తన తండ్రిగారి సన్మాన సభ డిస్కును ఎవరిచేతో 15 ఫ్రేములకు మార్పించి, డిస్కు పారేశారు. సెకనుకు పది ఫ్రేములు శాశ్వతంగా పోయాయి. ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు. కృత్రిమ మేధతో నింపుతామని ఇప్పుడు కొందరు అంటున్నారు, వాళ్ళు నింపేది ఆ పెద్దాయన కదలిక ఎలా అవుతుంది?

అందుచేత నా మనవి ఏమిటంటే, ఏ మార్పూ చేయకముందే డిస్కులోని వీడియో టి.ఎస్. అనే ఫోల్డరును ఉన్నదున్నట్టు హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. మామూలు డివిడి 4.7 జీబీ. ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో నిండు డిస్కులు సుమారు రెండు వందలు పడతాయి. మనలో ఎవరి ఇంట్లోనూ అన్ని ఉండవు. అది అసలు ప్రతి. ఫోనుకు, టీవీకి కావలసినవి దాని నుంచి తీసుకోవచ్చు, తప్పుపోతే మళ్ళీ తీసుకోవచ్చు. కొన్న సినిమా డిస్కుల్లో చాలావాటికి తాళం ఉంటుంది. ఆ తాళం తీసే మార్గం నేను చెప్పను, హ్యాండ్‌బ్రేక్ కూడా తనంతట తాను తీయదు. నకళ్ళు తీసి పంచిపెట్టడం చట్టానికి విరుద్ధమని వేరే చెప్పనక్కర్లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం సంఘ కార్యాలయానికి నా ల్యాప్‌టాపు, బయట తగిలించే డివిడి డ్రైవు తెస్తాను. మనిషికి ఒక్క డిస్కు తీసుకురండి, ముందుగా ఇంటివాళ్ళ డిస్కు, సినిమా తరువాత. పుచ్చుకున్నదానికి రశీదు రాసి ఇస్తాను. మీ పేరు డిస్కు మీద బాల్‌పెన్నుతో రాయవద్దు, గీత పడుతుంది. కవరు మీద రాయండి.