సన్నగా ఉన్నవాళ్లకీ షుగరు
(వఫ్రాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రాజకీయాలు మాట్లాడుకునే చోట షుగరు గొడవేమిటని అడిగారు కొందరు. పరీక్ష ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది రాజకీయం కాక మరేమిటి?

'నాకేం భయం, సన్నగానే ఉన్నాను' అనే మాట మనలో చాలామంది నోట వింటాం. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో వేశారు. పూనా డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండనాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం! తూకం యంత్రం కొవ్వునీ కండనీ వేరు చేసి చెప్పదు కదా. మనవాళ్లకు కండ తక్కువ, ఉన్న కొవ్వు కూడా పొట్ట లోపల, కాలేయంలో చేరుతుంది. అక్కడ చేరితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి చిన్న బొజ్జ ఉన్న మనిషి మన ఊళ్లో కొత్తేం కాదు. మనం దాన్ని కలిగినింటి లక్షణం అనుకున్నాం, అంతే.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కల్లో దేశంలో ఊబకాయం ఉన్నవాళ్లు 28.6 శాతం, పొట్ట పెరిగినవాళ్లు 39.5 శాతం. ఈ రెంటి మధ్య తేడాలోనే మన కథ ఉంది. షుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటే.

ఇప్పుడు వఫ్రా సంగతి. రాజంపేట నుంచో రాజోలు నుంచో వచ్చిన మనిషి పగలంతా తోటలో కష్టం చేస్తాడు. రెండు పూటలా అన్నం, లేదంటే ఖుబూస్. రోజూ నాలుగైదు చక్కెర టీలు, దాహానికి పెప్సీ. పప్పూ గుడ్డూ ఉన్న రోజు పండగే. చూడ్డానికి సన్నగా ఉంటాడు, ఎవరూ అనుమానించరు. వీసా మెడికల్‌లో చూసేది ముఖ్యంగా అంటురోగాలు. బతాకా చేతికొచ్చాక మళ్లీ రక్తం చూసే నాథుడు లేడు.

ప్రవాసీ భారతీయ బీమా ఉంది కదా అంటారు. అందులో 10 లక్షలు వచ్చేది ప్రమాదంలో పోతే, లేదా వైకల్యం వస్తే. నిద్రలో గుండె ఆగిపోతే అది ప్రమాదం కింద రాదు. ఊళ్లో అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

నా మాట ఇంతే. తూకం చూసి ఊరుకోవద్దు, టేపు పెట్టండి. ప్యాంటు సైజు చెప్పొద్దు, మనం ప్యాంటు పొట్ట కిందకు కడతాం! చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన కొలవాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే రక్తం చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా షుగరుంటే అంతకన్నా తక్కువున్నా చూపించుకోవాలి. హెచ్‌బీఏ1సీ 5.7 దాటితే జాగ్రత్త మొదలుపెట్టాలి, 6.5 అయితే షుగరే. సన్నటి మనిషి ఉపవాసాలు చేయనక్కర్లేదు. అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచాలి, కండ పెరిగే వ్యాయామం చేయాలి. ఉన్నట్టుండి చిక్కిపోతే మాత్రం సంతోషపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అనుమతులు తీసుకుని ఈ తోటల్లోనే రక్తపరీక్షలు పెట్టాలని మన సంఘాలనూ ఎంబసీనీ అడుగుదాం. ఈ హాల్లో నర్సులున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు. వెళ్లేముందు తలుపు దగ్గరున్న కాగితం మీద మీ పేరూ ఫోన్ నంబరూ రాసి వెళ్లండి.