చెడిన ఫైలు – నిలిచే లెక్క
(సంఘ కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విరిగిన పాలను తిరిగి పాలు చేయడం ఎవరి తరమూ కాదు. కాని కంప్యూటరులో చెడిపోయిన పాల లెక్కను, మొదటి గంటలో తొందరపడకుండా ఉంటే, చాలా సందర్భాలలో తిరిగి నిలబెట్టవచ్చును. ఈ పూట మేము మీకు మనవి చేయదలచినది ఈ విషయమే.

ఒకప్పుడు మన సంఘాలలో లెక్క అంతా పుస్తకాలలో ఉండేది. ఎలుక కొరికినా, వాన జల్లు పడి సిరా కారినా, ఏ పేజీ పోయిందో కంటికి కనిపించేది. ఇప్పుడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ కాటా, వెన్న శాతం చూచే యంత్రం, కంప్యూటరు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తున్నవి. సభ్యుని నెంబరు, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, మొత్తం సొమ్ము అన్నీ ఒక డేటాబేస్ ఫైలులో చేరుతున్నవి. యూనియనుకు పంపే నివేదికలు, అక్కడి నుండి వచ్చే రేట్ల పట్టికలు మెయిలులో ఉంటున్నవి.

సౌకర్యం పెరిగిన మాట నిజం. అయితే ఆ ఫైలు తెరుచుకోని రోజున పదిహేను రోజుల బిల్లు ఆగిపోతుంది. దాణా బాకీ ఎవరి దగ్గర ఎంత పట్టుకోవాలో తెలియదు. సంవత్సరాంతపు బోనస్‌కు ఆధారమైన పాల లెక్క కూడా అందులోనే చిక్కుకుంటుంది. ఒక్క గేదె పాలతో ఇల్లు గడుపుకొనే సభ్యురాలికి బిల్లు ఒక వారం ఆలస్యమైతే చేబదులు తప్పదు. కనుక ఇది కంప్యూటరు వాళ్ళ వ్యవహారం, మనకెందుకని ఊరుకొనే విషయం కాదు.

ఫైలు ఎందుకు చెడుతుంది?

డేటాబేస్ ఫైలును ఒక పెద్ద లెడ్జరుగా భావించండి. ముందు భాగంలో ఏ లెక్క ఎక్కడ ఉన్నదో చెప్పే వివరం, లోపలి పేజీలలో లెక్కలు, వాటిని వెంటనే వెదికేందుకు సూచికలు ఉంటాయి. ఒక సభ్యుడు పాలు పోయగానే కంప్యూటరు ఇన్ని చోట్లా వ్రాయవలసి ఉంటుంది. ఆ వ్రాత నడుమ కరెంటు పోతే కొన్ని పేజీలు కొత్తవిగా, కొన్ని పాతవిగా మిగులుతాయి. ఒకదానికొకటి పొంతన ఉండదు. పని ముగియకముందే పెన్ డ్రైవును లాగడం, డిస్కు నిండిపోవడం, డిస్కు పాతబడడం, వైరసు చేరడం మిగిలిన కారణాలు.

ఫైలు పరిమాణానికి కూడా హద్దులున్నాయి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలు 2 గిగాబైట్లు దాటరాదు. ఔట్‌లుక్ 2002 వరకు వాడిన పాత రకం మెయిలు ఫైలుకు కూడా అదే హద్దు. దాని అంచుకు వచ్చిన ఫైలు మొండికేస్తుంది.

మంచి డేటాబేసులు మన గుమాస్తాల పద్ధతినే పాటిస్తాయి. ముందు దినచిట్టాలో వ్రాసి, తరువాత లెడ్జరులోకి ఎక్కిస్తాయి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు చిట్టా చూచి లెడ్జరును తామే సరిచేసుకుంటాయి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసులో ఈ చిట్టా అసలు ఫైలు ప్రక్కనే, అదే పేరు చివర ‘వాల్’ లేక ‘జర్నల్’ అనే తోకతో కనిపిస్తుంది. చెత్త ఫైలని దానిని తీసివేసినా, దానిని వదిలి అసలు ఫైలు ఒక్కటే కాపీ చేసినా, దక్కవలసిన లెక్కను మన చేతులతో మనమే పారబోసినట్లు.

మొదటి గంటలో చేయవలసినవి

ఒకటి. కంప్యూటరులో కొత్త లెక్క వ్రాయడం ఆపండి. పాల సేకరణ ఆపనక్కరలేదు. పుస్తకం తీసి ఆ పూట చేతితో వ్రాయండి. మామూలు హార్డ్ డిస్కులో ఫైలు తుడిచివేసినా దాని అక్షరాలు వెంటనే పోవు. ఆ చోటు ఖాళీ అని మాత్రమే గుర్తు పడుతుంది. మరొకటి దానిపై వ్రాసేవరకు పాతది తీయవచ్చును. ఇప్పుడు వస్తున్న ఎస్.ఎస్.డి. రకం డిస్కులలో తుడిచిన చోటును డిస్కే త్వరగా శుభ్రం చేసుకుంటుంది గనుక అక్కడ ఆశ తక్కువ.

రెండు. సాఫ్ట్‌వేరును మూసి, ఆ ఫోల్డరు మొత్తాన్ని వేరొక డిస్కుకు రెండు కాపీలు తీయండి. ఒకదానిని ముట్టకుండా బీరువాలో ఉంచండి. బాగుచేసే ప్రయత్నాలన్నీ రెండవ కాపీ మీదనే జరగాలి. డిస్కు నుండి టకటకమని చప్పుడు వస్తుంటే కాపీ ప్రయత్నం కూడా వద్దు. కరెంటు తీసివేసి తెలిసినవారికి అప్పగించండి.

మూడు. కాపీ తీయకముందే డిస్కు సరిచేసే సాధనాలు నడపవద్దు. అవి ఫోల్డర్ల అమరికను చక్కబెట్టే ప్రయత్నంలో మన ఫైలును ముక్కలు చేయవచ్చును. సాఫ్ట్‌వేరును తీసి మళ్ళీ వేయడం కూడా అప్పుడే వద్దు.

నాలుగు. నిన్నటి మంచి బ్యాకప్ మీద ఈనాటి చెడిన ఫైలును ఎక్కించవద్దు. కంగారులో ‘బ్యాకప్ తీద్దాం’ అని ఆ మీట నొక్కితే ఉన్న ఒక్క మంచి ప్రతి కూడా పోతుంది.

ఐదు. తెరమీద వచ్చిన మాటలను, సమయాన్ని, అంతకుముందు జరిగినదానిని ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. బాగుచేయ వచ్చినవారికి సగం పని తగ్గుతుంది.

లెక్కను తీసే దారులు

అన్నిటికన్నా మంచి దారి పాత బ్యాకప్‌ను తెరిచి, ఆ తరువాతి పూటలను చీటీల నుండి ఎక్కించుకోవడం. బ్యాకప్ లేనప్పుడే మిగిలిన దారులు.

సూచిక మాత్రమే చెడితే లెక్కలు భద్రంగానే ఉంటాయి. సూచికను తిరిగి కట్టిస్తే సరిపోతుంది. యాక్సెస్ ఫైలుకు ‘కాంపాక్ట్ అండ్ రిపేర్’ అనే సాధనం అందులోనే ఉన్నది. అది ఫలించకపోతే కొత్తగా ఖాళీ ఫైలు తెరిచి, పాత దానినుండి పట్టికలను ఒక్కొక్కటిగా దిగుమతి చేసుకోవాలి. చెడిన పట్టిక ఒకటి ఆగిపోయినా మిగిలినవి వచ్చేస్తాయి. ఎస్‌క్యూలైట్‌లో ముందు ఫైలును పరీక్షించే ఆజ్ఞ, తరువాత దక్కిన వరుసలను కొత్త ఫైలులోకి తోడే ‘రికవర్’ ఆజ్ఞ ఉన్నవి. పాత ఫాక్స్‌ప్రో ఫైళ్ళలో ప్రతి నమోదుకు ఒకే పొడవు. తలభాగంలో నమోదుల సంఖ్య తప్పిపోతే, ఫైలు పొడవులో తలభాగం తీసివేసి నమోదు పొడవుతో భాగించి సరైన సంఖ్య కట్టవచ్చును.

మెయిలు విషయానికి వస్తే, ముందుగా చూడవలసినది అవతలి ప్రతి. మీరు పంపిన నివేదిక యూనియను మెయిలులోనూ, తరచుగా సర్వరులోనూ ఉంటుంది. ఔట్‌లుక్ ఫైలుకు ‘స్కాన్‌పీఎస్‌టీ’ అనే బాగుచేసే సాధనం మైక్రోసాఫ్టు వారే ఇస్తున్నారు. దానిని ఒకటికి రెండుసార్లు నడపవలసి రావచ్చును. థండర్‌బర్డ్ వాడేవారి ఉత్తరాలు సాధారణంగా ఒకదాని క్రింద ఒకటిగా మామూలు అక్షరాలతో ఒకే ఫైలులో ఉంటాయి. ప్రక్కనే ‘ఎం.ఎస్.ఎఫ్.’ తోకతో ఉండే సూచిక చెడితే ఉత్తరాలు కనిపించవు గాని పోవు. ఆ ఫోల్డరును ‘రిపేర్’ చేస్తే సూచిక తిరిగి తయారవుతుంది. అందులో తుడిచిన ఉత్తరం కూడా ఆ ఫోల్డరును ‘కాంపాక్ట్’ చేసేవరకు ఫైలులోనే ఉంటుంది. కనుక వెదుకులాట ముగిసేవరకు ఆ మీట జోలికి పోవద్దు.

బ్యాకప్ ఉన్నదనుకోవడం వేరు, ఉండడం వేరు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంప్యూటరు సంస్థలో ఒక ఇంజనీరు, ఒక యంత్రంలో తుడవవలసినదాన్ని పొరపాటున అసలు యంత్రంలో తుడిచారు. దాదాపు 300 గిగాబైట్ల డేటాబేస్ క్షణాలలో పోయింది. బ్యాకప్‌ల కోసం వెదికితే రోజూ తీస్తున్నామనుకున్న చోటు ఖాళీ. బ్యాకప్ తీసే సాధనం పాత వెర్షనుది కావడం వలన ప్రతిరోజూ విఫలమవుతూనే ఉన్నది. విఫలమైనదని చెప్పే మెయిళ్ళను కూడా మెయిలు వ్యవస్థ తిప్పికొట్టింది. చివరకు పరీక్షల కోసం దాదాపు 6 గంటల ముందు తీసిన ఒక కాపీ వారిని ఆదుకున్నది. ఆ 6 గంటల లెక్క మాత్రం తిరిగి రాలేదు. సంస్థ ఈ సంగతులన్నీ దాచకుండా ప్రకటించింది.

అంతటి నిపుణులకే ఇది తప్పలేదు. కనుక మన సంఘాలలో నెలకొకసారి బ్యాకప్‌ను వేరొక కంప్యూటరులో తెరిచి, నిన్నటి సాయంత్రం పూట మొత్తం అందులో కనిపిస్తున్నదో లేదో చూడాలి. బ్యాకప్ డిస్కును ఎప్పుడూ కంప్యూటరుకే తగిలించి ఉంచరాదు. వైరసు వస్తే రెండింటినీ పట్టుకుంటుంది. ఒక ప్రతి సంఘ భవనంలో కాక వేరొక చోట ఉండాలి.

తీసిన లెక్క సరైనదేనా?

ఫైలు తెరుచుకోగానే పని అయిపోయిందని అనుకోవడం సహజం. కాని బాగైన ఫైలులో కొన్ని నమోదులు రాలిపోయి ఉండవచ్చును, కొన్ని రెండుసార్లు పడి ఉండవచ్చును. సరిచూడకుండా బిల్లు చెల్లించరాదు.

సరిచూచే సాక్ష్యాలు మన ఊళ్ళోనే ఉన్నవి. ఉదాహరణకు, ఒక ఉదయం పూట ట్రక్ షీటు ప్రకారం యూనియనుకు పంపినవి 412 లీటర్లు, స్థానిక అమ్మకం 18 లీటర్లు అనుకుందాం. అంటే సేకరించినవి 430 లీటర్లు. తీసిన ఫైలులో సభ్యుల మొత్తం 421 వచ్చింది. 9 లీటర్లు ఎక్కడో జారిపోయాయి. ఆ పూట పేరు కనిపించని సభ్యులను పిలిచి చీటీలు చూస్తే, ఒకరిది అయిదున్నర, మరొకరిది మూడున్నర లీటర్లు. లెక్క కుదిరింది. ఇద్దరి సొమ్ము ఇద్దరికీ దక్కింది. యంత్రం ఇవ్వలేకపోయిన ఆ రెండు వరుసలను ఇచ్చినది సభ్యుని పెట్టెలోని చీటీ.

కనుక సభ్యులకు ప్రత్యేకంగా మనవి. పాలు పోసి చీటీ తీసుకోకుండా వెళ్ళవద్దు. వేడితో అచ్చుపడే ఆ చీటీ మీద అక్షరాలు ఎండకు, పొయ్యి వేడికి వెలిసిపోతాయి. గనుక పాస్‌బుక్కులో వ్రాయించుకోండి, లేదా ఫోనులో ఫోటో తీసి ఉంచండి. సంఘం పంపే ఎస్సెమ్మెస్‌లను బిల్లు అందేవరకు తుడవవద్దు.

కార్యదర్శులకు కూడా ఒక మాట. ఎంత వెదికినా దొరకని పూట ఒకటి మిగలవచ్చును. దానిని అంచనాతో నింపి అసలు లెక్కలా చూపవద్దు. పాలకవర్గం ముందు పెట్టి, ముందు వెనుక రోజుల సగటును తీర్మానం ద్వారా ఆమోదించి, ఇది సగటు అని మినిట్స్ పుస్తకంలో వ్రాయండి. తిరిగి తీసిన జాబితాను బిల్లుకు ముందు రెండు రోజులు నోటీసు బోర్డు మీద ఉంచి అభ్యంతరాలు వినండి. ఫైలు పోయిన విషయం దాచితే ఊళ్ళో అనుమానం పుడుతుంది. చెప్పి, అందరి చీటీలతో కలిసి సరిచూస్తే సంఘం మీద నమ్మకం నిలుస్తుంది.

మీరు ఊళ్ళకు వెళ్ళిన తరువాత, ఈ వారంలోనే మీ సంఘపు బ్యాకప్ ఎక్కడున్నదో అడిగి, తెరిపించి, మీ కళ్ళతో చూడవలసినదిగా కోరుతున్నాము.