మిరప కల్లంలో స్త్రీ హక్కు



గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో మిరప కోత, పత్తి తీత, కాయల తొడిమలు తీసే పని ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగానే సాగుతుంది. వారిలో మన ముస్లిం ఆడపడుచులూ ఉన్నారు. మేస్త్రీ వెకిలి మాటనూ, ‘రేపు పనికి రావాలని ఉందా లేదా’ అనే బెదిరింపునూ కూలితోపాటు భరించవలసినవేనని చాలామంది అనుకుంటున్నారు. చట్టం వాటిని లైంగిక వేధింపు అంటుంది. ఆ చట్టం వెనుక ఉన్న బలం గురించి కొద్దిగా మనవి చేస్తాము.

స్త్రీలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించింది. మన దేశం 1993లో ధ్రువీకరించింది. దాని 11వ అధికరణం ఉపాధిలో సమానత్వం గురించి చెబుతుంది. లైంగిక వేధింపు అనే మాట అందులో లేదు. పనిచోట వేధింపు ఆ సమానత్వాన్ని దెబ్బతీస్తుందని ఒడంబడిక కమిటీ 1992లో వ్యాఖ్యానించింది.

రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి అత్యాచారానికి గురైన తరువాత స్త్రీ సంఘాలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. అప్పటికి పనిచోట వేధింపుపై ప్రత్యేక చట్టం లేదు. దేశీయ చట్టంతో విరోధం లేనప్పుడు ప్రాథమిక హక్కులను ఒడంబడిక వెలుగులో చదవాలని కోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పులో నిర్ణయించి మార్గదర్శకాలు ఇచ్చింది. 2013 చట్టానికి అవే పునాది.

ఇది షరియత్‌లో జోక్యమా అని కొందరు అడుగుతున్నారు. ఏ మతవర్గపు వ్యక్తిగత వ్యవహారాలలోనూ దాని చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోబోమని 5, 16 అధికరణాల విషయంలో భారత ప్రభుత్వం ప్రకటించింది. 11వ అధికరణానికి అటువంటి మినహాయింపు ఏదీ లేదు. కూలికి వెళ్లిన స్త్రీ గౌరవాన్ని కాపాడటానికి ఏ వ్యక్తిగత చట్టమూ అడ్డురాదు.

ఒడంబడిక ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మన దేశం చేరనందున ఫిర్యాదు నేరుగా ఆ కమిటీకి పంపే వీలు లేదు. పదిమంది కంటే తక్కువ పనివారున్న చోటైనా, యజమానిపైనే ఫిర్యాదైనా జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. మండల నోడల్ అధికారికి ఇస్తే 7 రోజులలో కమిటీకి చేర్చాలి. దినకూలీ, మేస్త్రీ ద్వారా వచ్చిన కూలీ కూడా చట్టం దృష్టిలో ఉద్యోగినులే. యజమాని పంపిన ఆటో కూడా పనిచోటే. గడువు 3 నెలలు. తగిన కారణముంటే మరో 3 నెలలు పొడిగించవచ్చు. రాయలేని స్త్రీకి సాయపడటం కమిటీ విధి. విచారణ 90 రోజులలో ముగియాలి.

ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవారిగా ఒక సూచన చేస్తాము. అర్జీలో తేదీ, స్థలం, అన్న మాట, చేసిన చేష్ట, చూసినవారి పేర్లు స్పష్టంగా ఉండాలి. చివర 11వ అధికరణాన్ని, విశాఖ తీర్పును ఒక్క వాక్యంలో పేర్కొనండి. ‘కూలి మనిషికి ఈ చట్టం ఏమిటి’ అని ఎవరైనా తేలికగా తీసుకుంటే, చట్టాన్ని విశాలంగా చదవాలని అడిగేందుకు ఆ వాక్యం ఆధారమవుతుంది. తేదీ ముద్ర వేసిన రసీదు లేకుండా వెనుదిరగకండి. గడువు లెక్క వచ్చినప్పుడు మాట్లాడేది ఆ రసీదే.

ప్రతి మొహల్లాలో అర్జీ రాయగల ఇద్దరు, బాధితురాలి వెంట కార్యాలయానికి నడిచే ఇద్దరు ముందుకు రావాలని కోరుతున్నాము. మిరప కోతలు మొదలయ్యేలోగా ఆ పేర్లు సిద్ధం చేద్దాం.